చైర్మన్ గారి కప్పు

"ఆ రంపం ఆపు హిలరీ! హత్య చేస్తున్నావు నువ్వు, హత్య!"

గాడ్‌ఫ్రీ ట్రాంటర్ అరుపుకి షెడ్డు రేకులు మోగాయి. హిలరీ బెడోస్ రంపం ఆపి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. ఆమె వెనక ఆకుపచ్చ హాల్వర్న్ స్పోర్ట్స్ కారు సగమే మిగిలి ఉంది. సీట్ల వెనక భాగమంతా కోసేసి, ఆ చోట మనిషెత్తు కొయ్య చట్రం పెట్టెలా నిలబెట్టింది.

లెడ్‌బరీ పాతకార్ల క్లబ్బుకి గాడ్‌ఫ్రీ చైర్మన్. ఫ్యాక్టరీ రూపం చెక్కుచెదరని కారుకి ఏటా ఇచ్చే కప్పు ఎవరికన్నది ఆయన నిర్ణయమే. హిలరీ భర్త నెవిల్ బతికున్నన్నాళ్లూ ఆ కప్పు ఈ కారు దాటి పోలేదు.

"ఊళ్లో అంటుంటే నమ్మలేదు. దీన్ని వ్యాను చేస్తావా?"

"చేస్తున్నాగా. టీ తాగుతావా?"

"నీ టీ ఎవడిక్కావాలి! నెవిల్ పోయి ఏడాది తిరగలేదు. బన్నులు మోయడానికి వాడి ప్రాణమే దొరికిందా నీకు?"

రొట్టెల దుకాణం నడిపే మనిషికి ఆ మాట సూటిగానే తగిలింది. "గాడ్‌ఫ్రీ, ఒక్క మాట చెప్పనీ..."

"చెప్పక్కర్లేదు, కనబడుతూనే ఉంది!"

చేతులు వెనక్కి కట్టుకుని ఆయన కారు చుట్టూ తిరగసాగాడు. ఎంత కోపంలోనైనా ఆ చేతులు ముందుకి రావు. ఒకరి కారుని ఇంకొకరు ముట్టకూడదన్నది క్లబ్బు మర్యాద. న్యాయనిర్ణేతలు కూడా కళ్లతో చూడవలసిందే.

"నేలరేకుకి ఈ చిల్లులేమిటి?"

"నేను పొడిచినవి కావు."

"మరి ఎలకలు పొడిచాయా?"

"కొలత పెట్టి పొడిచిన ఎలకలైతే కావచ్చు."

"వెటకారం ఒకటి! మరి ఈ మీగడ రంగు?"

"పైనున్న ఆకుపచ్చ గీకితే వచ్చింది."

"గీకితే వచ్చిందట! ఆదివారం కప్పు పోటీకి మైదానంలో మైకు పట్టుకుని అందరికీ చెబుతాను. క్లబ్బులోంచి నీ పేరు కొట్టేయిస్తాను. ఇక ఈ చుట్టుపక్కల ఎవడూ నీకు మరమేకు కూడా అమ్మడు!"

హిలరీ నవ్వు మాయమైంది. రంపం బల్ల మీద పెట్టింది.

"నన్నేం చెయ్యమంటావు?"

"ఫ్యాక్టరీ గేటు ఎలా దాటిందో అలా నిలబెట్టు. అంతే!"

"అచ్చం అలాగేనా?"

"వెంట్రుకవాసి తేడా రాకూడదు."

"నిలబెడితే?"

"కప్పు నీదే. అదే మైకులో నీకు క్షమాపణ కూడా చెబుతాను."

"నిన్ను చూసి క్లబ్బంతా నవ్వినా?"

"నాలుక కోసుకుంటాను గానీ మాట తప్పను!"

"అయితే ఆ చేతులు ఓసారి ముందుకి తీసుకురా చైర్మన్ గారూ. డ్రైవరు సీటు దగ్గర, కాళ్ల కింద ఆ రబ్బరు పట్టా ఎత్తు."

"ఒకరి కారు నేను ముట్టను."

"ఇది నా కారు. ముట్టమని నేనే అంటున్నాను. నెవిల్ కొన్నప్పుడే జిగురుతో అతికించి ఉంది. ఏ మహానుభావుడూ ఎత్తి చూడలేదు. మొన్న నేనే ఊడదీశాను."

గాడ్‌ఫ్రీ గొణుక్కుంటూ మోకాళ్ల మీద కూర్చుని పట్టా ఎత్తాడు. మట్టి కింద చిన్న ఇత్తడి రేకు, దాని మీద హాల్వర్న్ ఫ్యాక్టరీ ముద్ర. రివెట్లు కదిలిన జాడే లేదు. ఆయన ఛాతీ ఉప్పొంగింది.

"చూశావా? అసలు సిసలు ఫ్యాక్టరీ రేకు! ఇలాంటి దాన్నా నువ్వు కోస్తున్నది?"

"తుడిచి చదువు."

జేబురుమాలు తీసి తుడిచాడు.

ముద్ర కింద 'సరుకుల వ్యాను' అని చెక్కి ఉంది.