చూరు నీళ్లు

పోలవరం రేవులో పేరయ్య శెట్టి, తెల్లదొరగారి సీమకెళ్లే పెట్టెకి తారు పూస్తుంటే, కోయ ఆడమనిషి ఉంగి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీ మనుషులు మా గుడిసె పక్కన తవ్వారంట. నా బిడ్డ ఏడీ, సావుకారూ?"

ఆ బిడ్డ పుర్రె ఆ పెట్టెలోనే ఉంది. అయినా పేరయ్య బొంకాడు. "ఎప్పుడో దొరకి చేరిపోయిందే. ఆయన పుర్రెలు కొలిచి శాస్త్రం రాస్తాడు. మట్టిలో ఉంటే ఎవరికి లాభం? ఉప్పు కొలిపిస్తాను, పట్టుకెళ్లు."

"ఉప్పొద్దు. దొర ఇంటికి చూరుందా?"

"చూరేంటే?"

"పసిబిడ్డని చూరు కిందే పాతుకుంటాం. వాన నీళ్లు చూరు మీంచి వాడి మీద పడితే, మళ్లీ నా కడుపునే పుడతాడు. అక్కడ వాన పడుద్దా?"

పేరయ్య చేతిలో కుంచె ఆగింది.

"ఏడాదంతా వానే తల్లీ, ఆ దేశంలో."

అది దొర చెప్పిన మాటే. అబద్ధం కాదు.

ఉంగి మొహం తేటపడింది. ఒడిలోంచి తేనె దొప్ప తీసి అతని ముందు పెట్టి, కొండదారి పట్టింది.

ఉచితంగా వచ్చింది ఏదీ వదలని పేరయ్య ఆ దొప్ప ముట్టుకోలేకపోయాడు. పెట్టెలోకి చుక్క నీరు దిగకూడదని దొర మరీమరీ చెప్పాడు. అందుకే తను ఆ తారు రెండు పూతలు వేశాడు.