కరగని పొర

ఊళ్లో అందరిలాగే సూర్యం కూడా షుగర్‌కు నెలనెలా నలుసుల సూది వేయించుకునేవాడు. కంటికి కనిపించని ఆ నలుసుల్ని ఒంట్లోని కణాలు మింగి, పైపొర కరిగించి, లోపలి మందును వదలాలి. ఎన్ని సూదులు వేయించినా షుగర్ దిగడం లేదేమని అతని భార్య భ్రమరాంబ ఆసుపత్రిలో డాక్టరమ్మను నిలదీసింది.

“కణాలు నలుసులన్నిటినీ మింగేశాయమ్మా. పొరే కరగలేదు. ఇన్నాళ్ల మందూ లోపలే ఉంది.”

“మరెప్పుడు కరుగుద్దండీ?”

“ఒంటి వేడి పెరిగితే అంతా ఒక్కసారే కరగొచ్చు. అప్పుడు షుగర్ ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోతుంది. జ్వరం రానివ్వకండి.”

ఇంటికొచ్చేసరికి సూర్యం వానలో తడిసొచ్చి ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు. నుదుటి మీద చెయ్యి వేసిన భ్రమరాంబ పరుగున పంచదార డబ్బా తెచ్చి అతని నోట్లో పోయసాగింది.

“నాకు తీపి కూడదు గదే,” అన్నాడతను వణుకుతూ.

“తినవయ్యా,” అంది. అతని ఒళ్లు ఇంకా కాలిపోతూనే ఉంది.