మస్తానమ్మ దగ్గు

మిరపకాయలకు ముచ్చికలు తీసే మస్తానమ్మకు ఏడాదిగా తలనొప్పి. దగ్గితే చాలు, తల వెనక మేకు దిగినట్టుంటుంది. కానీ పొద్దున్నే ఇంట్లోని ఆరోగ్యపు అద్దం తలలోకి చూసి రోజూ పచ్చదీపమే వెలిగిస్తుంది. ఎర్రదీపం వెలగందే డాక్టరు చూడడు.

"అద్దమే ఏం లేదంటుంటే ఇంకేముంటుందే? పనికి పోదాం పద," అంది తోటికోడలు సుబ్బులు.

"అది నన్ను కదలకుండా కూర్చోమంటదక్కా. కదలకుండా కూర్చుంటే నాకూ నొప్పుండదు."

మస్తానమ్మ పొయ్యి వెలిగించి, పెనం మీద గుప్పెడు మిరపకాయలు వేసింది. ఘాటు ఇల్లంతా కమ్మింది. అద్దం ముందు కూర్చుని, తల పట్టుకుని దగ్గింది.

"కదలకండి," అంది అద్దం.

"కదుల్తా. ఇప్పుడు చూడు."

పచ్చదీపం ఆరిపోయింది. "దగ్గినప్పుడల్లా మీ మెదడు ముక్క ఒకటి పుర్రె ఎముక సందులోకి జారుతోంది. ఇలాంటిది ఏ తలలోనూ చూడలేదు. ఏ దీపం వెలిగించాలో నాకు తెలియదు."

సుబ్బులు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మస్తానమ్మ పక్కనే వచ్చి కూర్చుంది.

మస్తానమ్మ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "తెలియదంటే బాగున్నట్టు కాదు. ఎర్రది వెలిగించు," అంటూ మళ్ళీ గుప్పెడు కాయలు తీసింది. "లేకపోతే ఇంకో వాయి వేస్తా."