మేకు కొట్టిన కిటికీ

బీరువా జరపగానే వెనక గోడ నెమ్మెక్కి, నల్లటి బూజు పట్టి కనిపించింది. ఆమె గుడ్డతో తుడిస్తే జిగట వేళ్ళకంటుకుంది.

“ఛీ, కుళ్ళిన కంపు! ఆ కిటికీ తెరవవే,” అన్నాడు భర్త ముక్కు మూసుకుని.

“తెరిస్తే ఎదురు ఫ్లాట్‌లో మీ తమ్ముడి పెళ్ళాం మొహం చూడాలి. వేరుపడిన నాడే మేకు కొట్టాను. దానికన్నా ఈ బూజే నయం.”

పక్కగదిలో పాప మళ్ళీ ఊపిరాడక దగ్గింది. ఆమె మేకు పీకి కిటికీ రెక్క తోసింది.

ఎదుటి కిటికీ కూడా బిగించే ఉంది. అంచుల వెంట అదే నలుపు. లోపల ఎవరో దగ్గుతున్నారు.

“ఏమే, మీకూ పట్టిందా?” ఆమె తోడికోడలిని కేకేసింది.

ఆ కిటికీ కిర్రుమని తెరుచుకుంది.

“పట్టిందక్కా. బట్టలకూ పాకింది. తలుచుకుంటే అన్నం సయించట్లేదు.”

ఆమె మొహం తిప్పుకునే అంది: “మూయకు మరి. మీ ఇంట్లోంచేగా మాకు గాలి రావాలి.”