అందించిన మాట

“చివరి పేజీ తీసేసి ఇది పెట్టు,” అంటూ రచయిత మడిచిన కాగితం భార్య చేతిలో పెట్టాడు. నాటకం మొదటి గంట అప్పుడే కొట్టారు.

తెర పక్కన స్టూలు మీద కూర్చున్న ఆవిడ కాగితం విప్పి చదివింది. ఆయన నాటకాలకి ప్రాంప్టింగ్ ఎప్పుడూ ఆవిడదే.

“ఏవండీ, స్టేజీ మీద ఇది చెబితే ఆ నటుడి పరువేం కాను?”

“మట్టిలో కలవాలి! పన్నెండేళ్లుగా కడుపు రగిలిపోతోందే నాకు. నా మొదటి నాటకానికి తన పేరు తగిలించుకుని ఊరేగుతున్నాడు, దొంగ వెధవ! కన్నబిడ్డని ఇంకొకడు ఎత్తుకుపోతే ఎలా ఉంటుందో నీకేం తెలుసు?”

“తెలియకేం,” అందావిడ.

ఆ దొంగ వెధవ మంచి పేరున్న నటుడే. గొంతు విని జనం ‘గర్జన’ అంటారు. గొంతు తప్పితే బుర్రలో ఒక్క ముక్క నిలవదు. తెర పక్కనుంచి ఏది అందిస్తే అది చెప్పేస్తాడు, అర్థం తర్వాత తీరిగ్గా తెలుసుకుంటాడు. రైళ్ల వేళలు అందించినా కన్నీళ్లు పెట్టుకుని మరీ చెప్పగల ఘనుడు. ఈ నాటకంలో, స్నేహితుణ్ణి చంపి వాడి కథలు తనవని చెప్పుకునే రచయిత వేషం ఇస్తామనగానే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు.

“నా కోడిగీతలు అర్థమవుతున్నాయా? ఎప్పుడూ శుభ్రంగా రాసిపెట్టేది నువ్వేగా!”

“కాస్త సరిచేసి అందిస్తాలెండి.”

రచయిత వెళ్లి మొదటి వరుసలో పత్రికలవాళ్ల మధ్య కూర్చున్నాడు. చివరి రంగం దాకా ముళ్ల మీద ఉన్నట్టే ఉంది.

ఉరితాడు కింద గర్జన మోకరిల్లాడు.

“ఈ హత్య ఉత్త నాటకం. నేను నిజంగా చేసిన దొంగతనం ఒకటుంది! పన్నెండేళ్ల కిందట నా పేరుతో ఆడిన నాటకం నాది కాదు!”

హాలు ఉలిక్కిపడింది. రచయిత ప్రాణం లేచొచ్చింది. అబ్బ, పగ తీరితే ఇంత హాయిగా ఉంటుందా!

గర్జన మొహంలో రంగులు మారిపోతున్నాయి. అయినా ముప్ఫై ఏళ్లు అలవాటుపడ్డ నోరు ఆగితేనా!

“దాన్ని రాసింది, ఇదిగో, ఈ మొదటి వరుసలో కూర్చున్న రచయిత...”

రచయిత చటుక్కున లేచి జనం వైపు తిరిగి చేతులు జోడించాడు. చప్పట్లతో హాలు మారుమోగింది. అవి సద్దుమణిగాక, తెర పక్కనుంచి వచ్చిన మిగతా ముక్కని గర్జన గొంతెత్తి అందుకున్నాడు.

“...గారి భార్య!”