ముప్పై మూడో మంచం

ముప్పై మూడో మంచం దగ్గర నేను బటన్ నొక్కగానే బెల్ మోగింది. నర్సమ్మ పరుగున వచ్చింది.

"బాగైపోయిందా అమ్మా? ఇక ఒకటో మంచం దీపం వెలిగి మమ్మల్ని తిప్పదుగా?"

"తిప్పదండీ. ప్రోగ్రాములో ఒక్క వరుస మార్చాను."

ఆ వరుస నేను రాసిందే. ఏ మంచం పిలిచిందో గుర్తుపెట్టే ముప్పై రెండు బిట్ల మాస్క్, మంచానికో బిట్, అంటే ముప్పై రెండే గడులు. తర్వాత వార్డులో ఇంకో మంచం వేశారు. పాత ప్రాసెసర్‌లో దాని పిలుపు గడి దొరక్క చుట్టు తిరిగొచ్చి ఒకటో మంచం దీపం వెలిగించేది. నర్సులు నవ్వుకుంటూ రెండు మంచాలూ చూసి వెళ్లేవాళ్లు. పోయిన నెల పెట్టిన కొత్త ప్రాసెసర్‌లో ఆ పిలుపు సున్నా అయిపోయింది. ఏ దీపమూ వెలగలేదు, బెల్లూ మోగలేదు. కొత్తదాంట్లో పరీక్షించకుండానే, ఆఫీసులో నా బల్ల మీది పాత మెషీన్‌లో ఏదో ఒకటి మోగింది కదా, చాల్లే అని సంతకం పెట్టేశాను.

ఈ కొత్త సంగతేదీ నర్సమ్మకు తెలియదు. దుప్పటి సర్ది నా భుజం తట్టింది.

"పోయిన వారం మీ అమ్మగారు ఈ మంచం మీదే కదా. ఒక్కసారి కూడా బెల్ కొట్టలేదమ్మా. భూదేవికున్నంత ఓర్పు ఆవిడకి. నిద్రలోనే పోయారు."

బెల్ మోగినా మోగకపోయినా, బటన్ నొక్కిన ప్రతిసారీ కంప్యూటర్ లాగ్‌లో టైముతో సహా నమోదవుతుంది. అది నా ల్యాప్‌టాప్ మీద తెరిచే ఉంది. అమ్మ పోయిన మధ్యాహ్నం, ముప్పై మూడో మంచం: పద్నాలుగు సార్లు.

"అవునండీ," అన్నాను ల్యాప్‌టాప్ మూసేస్తూ. "అమ్మకు ఓర్పెక్కువ."