వెనక బెంచీ సారు

“పేరు పిలిచి పిలిచి ఊకున్నరమ్మా. సీదా తొమ్మిదో క్లాసుకు పోండ్రి, డెమో అక్కడనే,” అన్నాడు అటెండర్ బాలస్వామి.

నాగరాణి పరుగులాంటి నడకతో వరండా దాటింది. దారిలో బండి పంక్చరై అరగంట పోయింది. కల్వకుర్తిలోని ఈ స్కూల్లో ఇంగ్లిష్ టీచర్ పోస్టు ఒక్కటే ఉంది. ఇంతకుముందు మూడు స్కూళ్లలో ఇలాగే డెమో పాఠం చెప్పి చూపించింది. మూడుచోట్లా కబురు చేస్తామన్నారు, ఎవరూ చేయలేదు. గొర్ల మందను పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చిన తండ్రి గుర్వయ్య గేటు దగ్గరే నిలబడిపోయాడు.

క్లాసులో ముప్పై మంది పిల్లలు. వెనక బెంచీలో ఇద్దరు పెద్దవాళ్లు. ఒకావిడ ఫోన్ చూసుకుంటోంది. పక్కనే ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, నోట్‌బుక్ తెరిచి, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

“కానియ్యమ్మా,” అంది ఆవిడ తలెత్తకుండానే.

నాగరాణి చాక్‌పీస్ అందుకుంది. పాత ఇంగ్లిష్ కథ ఒకటి ఎత్తుకుంది. ఒక గొర్లకాపరి. తోడేలు భయంతో మంద చుట్టూ ఎత్తయిన దడి కట్టాడు. తలుపుకు గొలుసు బిగించాడు. కర్ర పట్టుకుని బయట కాపలా కూర్చున్నాడు. మధ్యమధ్య ఆగి, “ఫ్లాక్ అంటే ఏమైతది? ఫెన్స్ అంటే?” అని పిల్లలనే అడిగింది. వాళ్లు కథను బట్టి ఒక్కో మాటా పట్టేశారు.

వెనక బెంచీ ఆయన చెయ్యెత్తాడు. “మేడం, అర్థాలు ముందే బోర్డు మీద రాయొచ్చు గదా?”

మిగతా మూడు స్కూళ్లలో ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

“ముందే రాస్తే రాసుకొని మర్సిపోతరు సార్. కతల ఎతికి పట్టుకున్న మాట యాదికుంటది.”

ఆయన రాసుకున్నాడు. ఆమె పాఠమంతా ఆయన వైపే తిరిగి చెప్పసాగింది. కథ చివరి వాక్యం ముందు ఆగి, “ఇప్పుడేమైతది?” అంది. తోడేలు దడి దూకుతుందన్నారు కొందరు. కాపరి దాన్ని చంపుతాడన్నారు ఇంకొందరు.

“తోడేలు అప్పటికే లోపలుంది,” అంది నాగరాణి.

క్లాసంతా ‘అయ్యో’ అంది.

“మీరు అనుకున్నదానికీ, అయినదానికీ నడుమ ఉన్నదే ఐరనీ. ఆ మాట నేను చెప్పకముందే మీకు తెల్సిపోయింది.”

“ఇది మీ సొంత పద్ధతా మేడం?” అడిగాడాయన.

“అవును సార్. మూడేండ్ల సంది మా ఊరి పిల్లలకు చెప్పుకుంట నేర్చుకున్న.”

బ్యాగులోంచి తను చేత్తో రాసుకున్న పాఠం కాగితాలు తీసి ఆయన ముందు పెట్టింది. “ఉంచుకోమంటరా?” అని ఆయన అడిగితే, “ఉంచుకోండి సార్,” అని నమస్కారం పెట్టింది. ఆవిడ “సరేనమ్మా, బయట కూర్చో,” అంది.

వరండాలో కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటే గుర్వయ్య వచ్చాడు.

“ఎట్లయింది బిడ్డా?”

“మంచిగనే అయింది నాయినా. ఆ సార్ ఒక్క ముక్క ఇడువకుంట రాసుకున్నడు. నా కాయితాలు గూడ తీసుకున్నడు.”

“ఇంకేంది మరి! గీ పారి నౌకరి వస్తది.”

“ఏమో, వాళ్లు పిలిసి చెప్పేదాంక నమ్మకం లేదు.”

గుర్వయ్య కిటికీలోంచి తొంగి చూశాడు. “అగో, గా సారు లేసిండు. నీ కాయితాలు పట్టుకొని బోర్డు కాడికి పోతాండు. నీ గురించే చెప్తడేమో పిల్లలకు.”

లోపలి నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

“సునీల్ గారూ, ఇగ మీ డెమో కానియ్యండి.”